మచ్చలేని రెండువందల పన్నెండు

“రెండూ ముప్పై ఒకటికి కార్డు రుద్ది కోల్డ్ రూంలోకెళ్ళిన మనిషి, మళ్ళీ బయటికి రాని మనిషి, రెండూ యాభై రెండుకి పై అంతస్తులో తన సీట్లో కూర్చుని ఆమోదం ఎలా ఇచ్చింది?”

అడిగింది విజిలెన్స్ నుంచి వచ్చిన బావగారు, అడిగింది ఇన్‌స్పెక్టర్‌ని. కోల్డ్ రూం తలుపుకి తను నిన్న సాయంత్రం వేయించిన సీలు తనే తీయాల్సి వచ్చిందన్న చిరాకు అతని మొహంలో కనిపిస్తూనే ఉంది.

“బావా, ఇది ప్రమాదం. నైట్రోజన్ సిలిండర్ లీకైంది. గాలి లేని గదిలోకి ఆవిడ వెళ్ళింది, పడిపోయింది, పోయింది. నాలుగూ పదిహేనుకి సెక్యూరిటీ వాడు చూశాడు. ఇందులో నీకేం కనపడిందో నాకు అర్థం కావట్లేదు.”

“మళ్ళీ చెప్పు.”

“ఏం మళ్ళీ చెప్పాలి?”

“ఎన్నింటికి చూశాడు?”

“నాలుగూ పదిహేను.”

ఆయన నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. ఇప్పటికి మూడోసారి. ఆరోగ్యశాఖ విజిలెన్స్‌లో ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు, అందరికీ ‘మళ్ళీసారు’. ఒకే ప్రశ్న మూడుసార్లు అడుగుతాడు. మూడుసార్లూ ఒకే జవాబు వస్తే అవతలి మనిషిని వదిలేస్తాడు. రెండో జవాబు కాస్త తేడా వచ్చిందంటే ఇక ఆ మనిషికి నిద్ర ఉండదు.

ఇన్‌స్పెక్టర్‌కి ఆ సంగతి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. అతను మళ్ళీసారుకి స్వయానా బావమరిది, భార్య తమ్ముడు. ఆరేళ్ళ క్రితం ఒక ఆసుపత్రి కేసులో ఇన్‌స్పెక్టర్ తొందరపడి తప్పు మనిషిని లోపలేశాడని రిపోర్టు రాసింది ఈ బావగారే. ఆ రిపోర్టు పుణ్యమా అని అతను ఆరేళ్ళూ ట్రాఫిక్‌లో దుమ్ము తిన్నాడు. అప్పట్నుంచీ అక్క ఇంటి గుమ్మం తొక్కలేదు. అక్క ఫోన్ చేస్తే ఎత్తుతాడు, “బావ బాగున్నాడా” అని మాత్రం అడగడు.

తలుపు తెరుచుకుంది.

చిన్న గది. ఎడమవైపు పెద్ద ఫ్రీజర్లు రెండు, కుడివైపు మనిషెత్తు నైట్రోజన్ సిలిండర్లు మూడు. మధ్యలో చక్రాల ట్రాలీ. ట్రాలీ పక్కన నేలమీద సుద్దముక్కతో గీసిన ఆకారం. ఆవిడకి యాభై రెండేళ్ళు. గీత చూస్తే పన్నెండేళ్ళ పిల్ల పడుకున్నట్టుంది, అంత ముడుచుకుని పడిపోయింది.

అందరూ ఆవిడని ‘వాపసు మేడం’ అనేవారు. ఆసుపత్రుల నుంచి వచ్చే శాంపిళ్ళలోని వైరస్‌ని ఈ భవనంలో మెషీన్ మీద చదువుతారు. వైరస్ అంటే ముప్పైవేల అక్షరాల రాత. చదివిన ఆ రాతని పెద్ద డేటాబేసులో పెడితే ప్రపంచంలో ఏ మూల ల్యాబ్ అయినా తీసి చూసుకుంటుంది. దాన్ని బట్టే పరీక్షలు తయారవుతాయి, మందులు తయారవుతాయి. పెట్టేముందు తప్పులు వెతకడం ఆవిడ ఉద్యోగం. తప్పు దొరికిందా, చీటీ రాసి వాపసు. ఎవరి శాంపిల్ అయినా సరే, ఎంత పెద్దవాళ్ళు ఫోన్ చేసినా సరే, వాపసే.

మళ్ళీసారు గోడకున్న ఆక్సిజన్ అలారం దగ్గర ఆగాడు. ప్లగ్ ఊడి వేలాడుతోంది.

“చూశావా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్, ఎదురు వాదన తనే ముందు పెడుతున్నట్టు. “కావాలని ఎవరో పీకేశారని రాస్తావేమో. పిన్నుల మీద దుమ్ము చూడు. కనీసం మూడు వారాలది. అస్తమానం ఊరికే మోగుతోందని ఇక్కడివాళ్ళే పీకేసుకున్నారట. ఐదుగురు చెప్పారు.”

“నిజమే. చంపడానికి పీకలేదు.”

బావ ఒప్పుకోవడం అలవాటు లేని ఇన్‌స్పెక్టర్ ఒక్క క్షణం తడబడ్డాడు.

మళ్ళీసారు ట్రాలీ దగ్గర వంగాడు. మూడు అట్టపెట్టెలు. మూతలు తీసి చూస్తే వరసగా చిన్న ట్యూబులు, ఒక్కోదాని మీద నంబరు. లెక్కపెట్టాడు. రెండువందల పన్నెండు. పెట్టెల కింద ట్రాలీ అంతా తడి.

“ఇవి నిన్నట్నుంచీ ఇక్కడే ఉన్నాయా?”

“ఏదీ ముట్టుకోవద్దని నేనే చెప్పాను. రూలు అది. నీకు తెలియంది కాదుగా.”

“మైనస్ ఎనభై డిగ్రీల చలిలో ఉండాల్సినవి. ఒక రాత్రంతా బయటున్నాయి. వాటిలో చదవడానికి ఇంకేం మిగలదు.” ఆయన మూత మెల్లగా వేశాడు. “ఆవిడ ఈ గదిలోకి వచ్చింది వీటికోసమే. మళ్ళీ మెషీన్ మీద చదివించి అసలు రాత ఏమిటో చూపిద్దామని. నువ్వు రూలు ప్రకారం సీలేసి సాక్ష్యాన్ని కుళ్ళబెట్టావు.”

“నీ దగ్గర నేర్చుకున్న రూలే బావా. అప్పుడు ముట్టుకున్నానని రాశావు, ఇప్పుడు ముట్టుకోలేదని రాస్తావు. రాయి. నీకు పెన్ను ఉంది, నాకు తల ఉంది వంచడానికి.”

మళ్ళీసారు పెట్టెలు వదిలి లేచాడు. బయటికొచ్చి తలుపు పక్కన గోడ చూశాడు. తలుపుకి మొహమంత గాజు కిటికీ. దాని పక్కనే ఎర్ర బటన్, ‘అత్యవసర ఫ్యాన్’ అని రాసుంది. నొక్కితే నిమిషంలో గదిలో గాలంతా మారిపోతుంది. బటన్ మీద ప్లాస్టిక్ మూత ఉండాలి. ఆ మూత పైకెత్తి ఉంది.

మూత మీద వేలితో గీశాడు. వేలికి దుమ్మంటింది. తర్వాత బటన్ మీద గీశాడు. వేలు శుభ్రం.

“ఈ మూత ఈమధ్యదాకా మూసే ఉంది. నీ వాళ్ళెవరైనా తెరిచారా?”

“లేదు.”

“సెక్యూరిటీ?”

“వాడు తలుపు తీసి చూసి మాకు ఫోన్ చేశాడు. బటన్ సంగతి వాడికి తెలియనే తెలియదు.”

“ఫ్యాన్ నిన్న తిరిగిందా?”

“లేదని మీటర్ చెప్తోంది.”

“అయితే ఎవరో ఇక్కడ నిలబడి, కిటికీలోంచి చూసి, మూత ఎత్తి, బటన్ నొక్కకుండా వెళ్ళిపోయారు.”

ఇన్‌స్పెక్టర్ కిటికీలోంచి సుద్దగీత వైపు చూశాడు. పోస్ట్‌మార్టం డాక్టర్ చెప్పినదాని ప్రకారం ఆవిడ ప్రాణం ఎంత ఆలస్యమైనా రెండూ నలభై ఐదుకి పోయింది. పడిపోయాక నాలుగైదు నిమిషాలు బతికుంది. లాగితే బతికేది.

*

మూడూ నలభైకి పై అంతస్తు మీటింగ్ గదిలో కూర్చున్నారు. బల్లకి అటు టెక్నీషియన్ అమ్మాయి. ఇరవై ఆరేళ్ళుంటాయి, మెషీన్ నడిపేది ఆ అమ్మాయే. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. పక్కన డైరెక్టర్, పిలవకుండానే వచ్చి కూర్చున్నాడు. మా స్టాఫ్‌ని ఒంటరిగా ప్రశ్నిస్తే బాగోదన్నాడు. తలుపు దగ్గర కుర్చీ లాక్కుని ఇన్‌స్పెక్టర్ కూర్చున్నాడు.

“ఆ రెండొందల పన్నెండు రికార్డులు మేడం ఎన్నిసార్లు వాపసు చేసింది?” మళ్ళీసారు అమ్మాయిని అడిగాడు.

“మూడుసార్లు సార్.”

“ఎందుకు?”

అమ్మాయి డైరెక్టర్ వైపు చూసింది. డైరెక్టర్ అందుకున్నాడు. “తేదీల గొడవ సార్. శాంపిల్ తీసిన రోజు రాయకుండా ఏడాది మాత్రమే రాస్తే సాఫ్ట్‌వేర్ దానంతటదే జనవరి ఒకటి వేస్తుంది. ఆవిడకి చాదస్తం. పోయినామె గురించి అనకూడదు గానీ.”

“రెండొందల పన్నెండు మందీ పనిగట్టుకుని జనవరి ఒకటినే ముక్కులో పుల్ల పెట్టించుకున్నారా?”

“నేను చెప్తున్నదీ అదే, అది సాఫ్ట్‌వేర్...”

“అసలు తేదీలు ఫిబ్రవరి చివర, మార్చి మొదట. దీర్ఘకాల రోగుల వార్డులో పద్నాలుగు మంది ముసలివాళ్ళు పోయిన వారాలు.” మళ్ళీసారు గొంతు పెంచలేదు. “పద్నాలుగు మందికీ పరీక్షలో జబ్బు లేదని వచ్చింది. లేదన్నారు గనక వేరే గదిలో పెట్టలేదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకుని పోయారు. ఆ పరీక్ష తయారుచేసింది మీ బృందమే కదూ?”

“అది పద్దెనిమిది దేశాల్లో వాడుతున్న పరీక్ష సార్.”

“రెండో ప్రశ్న. మెషీన్ చదవలేని చోట అక్షరం బదులు ‘ఎన్’ అని పెట్టాలి. తెలియదు అని దానర్థం. అవునా అమ్మా?”

“అవును సార్.”

“ఎంత మంచి శాంపిల్ అయినా అక్కడో ఇక్కడో ఎన్‌లు తప్పవు. నిన్నటిదాకా వచ్చిన వేల రికార్డులు తీయించి చూశాను. అన్నిట్లో ఉన్నాయి. ఈ రెండొందల పన్నెండులో ఒక్కటి లేదు. ఒక్క మచ్చ లేదు. వాపసు చీటీలో మేడం ఏం రాసిందో తెలుసా? ‘ఇంత శుభ్రంగా ఉందంటే ఎవరో తుడిచారు.’”

డైరెక్టర్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

“మెషీన్ మొదట చదివిన అసలు రాత ఎక్కడుంటుంది?”

“అది ముప్పై రోజులే ఉంటుంది. తర్వాత తనంతట తనే చెరిగిపోతుంది,” అన్నాడు డైరెక్టర్.

“రేపు సాయంత్రం దాకా ఉంటుంది సార్,” అంది అమ్మాయి, మెల్లగా. “మార్చి పదకొండున చదివించాం.”

డైరెక్టర్ ఆ అమ్మాయిని చూశాడు. తర్వాత గడియారం చూసుకున్నాడు. నాలుగున్నరకి కింద హాల్లో సంతాపసభ ఉందని, తనే మాట్లాడాలని, రెండు ముక్కలు రాసుకోవాలని చెప్పి లేచాడు. అప్పుడు నాలుగూ ఐదు. మళ్ళీసారు తలూపాడు. ఆయన దృష్టంతా ఎదురుగా కూర్చున్న అమ్మాయి చేతుల మీదే ఉంది.

తలుపు మూసుకున్నాక ఇన్‌స్పెక్టర్ అన్నాడు, “అయిందా? వాంగ్మూలం తీసుకుని పంపించెయ్యి బావా. ఏడుస్తోంది పిల్ల.”

“అయింది.” మళ్ళీసారు ఒక కాగితం జరిపాడు. “ఇప్పటిదాకా చెప్పింది నాలుగు వాక్యాలు రాసి, కింద సంతకం పెట్టి తేదీ వెయ్యమ్మా.”

అమ్మాయి రాయడానికి చాలాసేపు పట్టింది. రాసిచ్చింది. ఆయన చదవలేదు, అడుగున మాత్రం చూశాడు. తర్వాత ఫైల్లోంచి ఇంకో కాగితం తీసి పక్కన పెట్టాడు.

“ఇది నిన్న రెండూ యాభై రెండుకి మేడం కంప్యూటర్ నుంచి వెళ్ళిన ఆమోదం. అన్ని రికార్డులకీ కలిపి ఒకటే మాట. ‘పరిశీలించాను, సరిగా ఉన్నాయి, 04-08.’”

“అది నేనూ చూశాను,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “నాలుగో తేదీ, ఆగస్టు. ఇంకా రాని ఆగస్టు. అలసిపోయి తప్పు కొట్టి ఉంటుంది.”

“అలసట కాదు. పొద్దున్నుంచి ఆవిడ వాపసు చీటీలు మూడొందల దాకా చదివాను. ఎక్కడా నెలని అంకెల్లో రాయలేదు. ఏది రోజో ఏది నెలో తెలియక ఎన్ని రికార్డులు పాడవుతాయో ఆవిడకి తెలుసు. నిన్నటి తేదీ అయితే ‘8 ఏప్రిల్’ అనే రాస్తుంది, పాతికేళ్ళుగా అంతే. ఇక్కడ నెల ముందు, రోజు తర్వాత. ఈ భవనంలో అలా రాసేది ఒక్కటే, చదివే మెషీన్. పొద్దస్తమానం దాని ముందు కూర్చుంటే ఎవరికైనా ఆ అలవాటే అంటుకుంటుంది.”

ఆయన అమ్మాయి సంతకం పెట్టిన కాగితాన్ని వేలితో చూపించాడు. సంతకం కింద ‘04-09’ అని ఉంది.

అమ్మాయి దాన్ని చూసింది. కళ్ళలో నీళ్ళు ఆగిపోయాయి. ఇక దాచడానికి ఏమీ లేనివాళ్ళ మొహం అలాగే ఖాళీ అవుతుంది.

“మెషీన్‌కి ఒక్క చోట అందలేదు సార్. అన్ని శాంపిళ్ళలో అదే చోటు. వైరస్ అక్కడ మారిపోయింది. మన పరీక్ష వెతికేది కూడా సరిగ్గా ఆ ముక్కనే. అందుకే పరీక్షకి కనపడలేదు. నేను ఎన్‌లే పెట్టాను సార్, ఒట్టు. డైరెక్టర్ గారు పిలిచి, ఖాళీలుంటే బాగోదు, పాత వైరస్ అక్షరాలు తెచ్చి పూడ్చెయ్యమన్నారు. నోటితోనే చెప్పారు. కాగితం మీద మాత్రం రెండొందల పన్నెండు చోట్లా నా పేరే ఉంది.”

“నిన్న?”

“మేడం పొద్దున నా దగ్గరికొచ్చి, ట్యూబులు తీసి మళ్ళీ చదివిద్దాం, నువ్వు భయపడకు, నేనున్నాను అన్నారు. నేను కిందికి వెళ్ళాను, వద్దని బతిమాలుకుందామని. కిటికీలోంచి చూస్తే...” ఆగింది.

“ఎన్నింటికి?”

“రెండూ నలభై అయి ఉంటుంది.”

“మూత ఎత్తింది నువ్వేనా?”

“ఎత్తాను సార్. నొక్కుదామనే ఎత్తాను.”

“ఎంతసేపు నిలబడ్డావు?”

“తెలియదు.”

“మళ్ళీ చెప్పు.”

అమ్మాయి బల్ల అంచుని రెండు చేతులతో పట్టుకుంది. “మేడం చెయ్యి కదులుతోంది సార్. అది ఆగేదాకా.”

ఇన్‌స్పెక్టర్ లేచి గోడ వైపు తిరిగాడు. మళ్ళీసారుకి ఏదో అనాలనిపించింది. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో తిట్టిన తిట్లన్నీ గొంతులోకొచ్చాయి, ఒక్కటీ సరిపోలేదు. పొద్దున శవాన్ని గుర్తుపట్టడానికి వచ్చిన వాపసు మేడం చెల్లెలు, ఏడవకుండా ఒక్కటే అడిగింది, “అక్కకి నొప్పి తెలిసిందా?” అని. తెలియదమ్మా, క్షణంలో పోయింది అని చెప్పింది ఈయనే. ఇప్పుడా మాట వెనక్కి తీసుకోవాలి.

“ఆ రికార్డులు ఇప్పుడెక్కడున్నాయి?” చివరికి అడిగాడు.

“ఆమోదం అయిన వెంటనే బయటికి వెళ్ళిపోయాయి సార్. అన్ని దేశాల ల్యాబులూ తీసుకుంటాయి. పరీక్ష మార్చక్కర్లేదని వాటిని చూసే నిర్ణయిస్తారు. సోమవారం నుంచి అన్ని వార్డులకీ అదే పరీక్ష వెళ్తుంది.”

“వెనక్కి రప్పించలేమా?”

“ఆమోదించినవాళ్ళే రప్పించాలి. లేదంటే అసలు రాత చూపించి అవి తప్పని రుజువు చెయ్యాలి.”

ఆమోదించిన మనిషి మార్చురీలో ఉంది. ట్యూబులు ట్రాలీ మీద నీళ్ళయ్యాయి. మెషీన్‌లో ఉన్న రాత ఒక్కటే మిగిలింది.

“నడు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్, బావ కంటే ముందే. “మెషీన్ గది ఎటు?”

ముగ్గురూ నడవా చివరికి పరిగెత్తారు. భవనం ఖాళీగా ఉంది, అందరూ సంతాపసభకి దిగిపోయారు. అమ్మాయి తలుపు దగ్గర కార్డు రుద్దింది, మెషీన్ ముందు వంగి మార్చి పదకొండు అని వెతికింది. తెర మీద ఖాళీ వరస వచ్చింది. ఇంకోసారి కొట్టింది. మళ్ళీ ఖాళీ.

“రేపటిదాకా ఉంటుందన్నావు!” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“దానంతటది చెరగలేదు సార్. ఎవరో చెరిపారు.” కింద ఒక వరస చూపించింది. చెరిపిన సమయం నాలుగూ పన్నెండు. చెరిపినవాళ్ళ పేరు దగ్గర వాపసు మేడం పేరు.

“నాలుగూ పన్నెండుకి ఈ పిల్ల మన ముందే కూర్చునుంది బావా,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“మేడం పాస్‌వర్డ్ నీకెలా తెలుసు?” మళ్ళీసారు అడిగాడు.

“నాకు తెలియదు సార్. నిన్న ఆవిడ కంప్యూటర్ తెరిచే ఉంది, కుర్చీలో కూర్చుని కొట్టేశాను. పాస్‌వర్డ్‌లు ఇచ్చేది డైరెక్టర్ గారు. అందరివీ ఆయన దగ్గరే ఉంటాయి.”

బావా బావమరుదులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాలుగూ ఐదుకి గదిలోంచి లేచి వెళ్ళిన మనిషికి తలూపి దారిచ్చింది మళ్ళీసారే.

“ఈసారి రిపోర్టులో నా పేరు రాయాలి,” అన్నాడాయన.

ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. “అది తర్వాత. ఈ మెషీన్‌ని ఎవరూ ముట్టకుండా నేను చూసుకుంటాను. నువ్వు దిగు, హాలు తలుపు దగ్గరికి నా వాళ్ళని పంపిస్తాను.”

మెట్లు దిగుతుంటే మైకులో డైరెక్టర్ గొంతు వినిపించింది. పాతికేళ్ళు ఒక్క తప్పు కూడా వదలని మనిషి అంటున్నాడు. ఆవిడ ఆఖరిసారి తన చేత్తో ఆమోదించిన రెండువందల పన్నెండు రికార్డుల్ని ఆవిడ పేరుతోనే ప్రపంచానికి అంకితం చేస్తున్నామంటున్నాడు. ఎవరో వెక్కిళ్ళు పెడుతున్నారు. ముందు వరసలో చెల్లెలు, ఒళ్ళో అక్క చేతిసంచి.

“రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం,” అన్నాడు డైరెక్టర్. అందరూ లేచి తలలు వంచారు.

మళ్ళీసారు వరసల మధ్యలోంచి నడిచి వేదిక మెట్లెక్కాడు. డైరెక్టర్ కళ్ళు తెరిచాడు. ఆయన అతని చెవి దగ్గరికి వంగి, ఇద్దరికే వినపడేంత మెల్లగా అడిగాడు.

“నాలుగూ పన్నెండుకి ఆవిడ మెషీన్ గదిలో ఫైళ్ళు చెరిపింది. మీరు అప్పుడెక్కడున్నారు?”

మైకు ఆపలేదన్న సంగతి ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. హాలంతా వంచిన తలలు ఒక్కొక్కటే పైకి లేచాయి. అందరికంటే ముందు లేచింది చెల్లెలి తల.

“ఎవరు చెరిపారు?” అంది ఆమె. “మా అక్కా?”

డైరెక్టర్ జవాబు కోసం కాదు, తలుపు కోసం చూశాడు. ఆ తలుపులో అప్పటికే ఇన్‌స్పెక్టర్ మనుషులు ఇద్దరు నిలబడి ఉన్నారు.

“మళ్ళీ అడుగుతున్నాను,” అన్నాడు మళ్ళీసారు. ఈసారి మైకు తనవైపు తిప్పుకున్నాడు.